పంపు పక్కన స్టూలు

మొన్న కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలోని మా అపార్టుమెంటులో బోరుకు కొత్త మోటరు దించుతూ, బిగించేవాళ్ళు దానితో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని చదవకుండానే పారేస్తే, నేను ఏరుకొచ్చి ఇంట్లో గట్టిగా చదువుకున్నాను. వినేవాళ్ళు లేని ఇంట్లో గట్టిగా చదవడం ఈమధ్య అలవాటైంది. ఇన్, ఆన్, అండర్, బిట్వీన్... ఈ చిన్న మాటలు మన ఈడువాళ్ళను ఎంత పెద్ద ఏడుపు ఏడిపించాయో మీకు వేరే చెప్పాలా!

మా ఊరు చిన్నమనూరులో ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్ళో తమిళంలో చదివి, ఇంగ్లీషును పరీక్షరోజున మాత్రమే కలుసుకునే నేను, కోయంబత్తూరులో మామ వరసయ్యే ఒకాయన పంపుల షెడ్డులో గుమాస్తాగా చేరాను. పంపు బిగించే పద్ధతిని ఇంగ్లీషులో రాయడం నా మొదటి పని. మన 'లో', 'మీద', 'కింద' పేరు వెనకాల బుద్ధిగా నడిచివస్తాయి. ఇంగ్లీషులో అవి ముందుకు దూకుతాయి, నేను వాటి వెనక పరుగెత్తేవాణ్ణి. విభక్తుల పట్ల నాకు భయమే గానీ భక్తి లేదు. అందువల్ల నా కాగితంలో గట్టున ఉండాల్సిన మోటరు బావినీళ్ళ లోపలికి, నీళ్ళలో మునగాల్సిన ఫుట్‌వాల్వు నీళ్ళ పైకి చేరాయి.

"ఏమిరా మాప్పిళ్ళే, మోటరుకు ఈత నేర్పిస్తాండావా?" అన్నారు మామ, నన్ను తమిళంలో అల్లుడా అని పిలుస్తూ. పది రోజుల్లో సరిగా రాయకపోతే ఊరికి బస్సెక్కమన్నారు. ఊళ్ళో మా నాన్న అప్పటికే నా ఉద్యోగం గురించి వీధంతా చెప్పేశారు.

గదిలో ఒంటరిగా గ్రామరు పుస్తకం ముందేసుకుని కూర్చున్నా ఒక్క ముక్క ఎక్కలేదు. నన్ను ఆదుకున్నది ఇంగ్లీషు అక్షరం తెలియని ఫిట్టరన్న. మేడమీది ఆఫీసులో ఉండే మామ కాక, కింద షెడ్డులో మా తెలుగు మాట్లాడేది ఆయనొక్కడే. మాది పొలాలున్న ఇల్లు, ఆయనది అలాంటి పొలాల్లో కూలికి పోయే ఇల్లు. ఊళ్ళో అయితే మేము పక్కపక్కన కూర్చునేవాళ్ళమే కాదు. ఇక్కడ మాత్రం మధ్యాహ్నం కాగానే పంపు పక్కన ఒక స్టూలు వేసి, నా కోసం తుడిచి, తాను చెక్కపెట్టె మీద కూర్చుని, తన డబ్బాలోని ఉలవపప్పు నాకింత పెట్టి, పంపు విప్పేవాడు. "ముందర చెయ్యి చెప్పినాక నోరు చెప్పనీ తంబీ" అని తమ్ముణ్ణి పిలిచినట్టే పిలిచి చెప్పేవాడు. రెండు పైపుల నడుమ వాషరు పెట్టి, నేను పుస్తకం వెతికి బిట్వీన్ అనేదాకా బోల్టు బిగించేవాడు కాదు. తప్పు చెబితే, చెప్పినట్టే బిగించి, "నీ ఇంగ్లీషుకు నీళ్ళు రావు తంబీ" అని నవ్వేవాడు.

పదోరోజున కాగితం నెగ్గింది. మామ నన్ను మేడమీది ఆఫీసుకు మార్చారు. ఆ మధ్యాహ్నం డబ్బా పట్టుకుని కిందికి బయల్దేరబోతే, "ఇంక షెడ్డులో ఏముండాది, ఇక్కడే తిను" అన్నారు. తిన్నాను. కిటికీలోంచి చూస్తే, ఫిట్టరన్న స్టూలు తుడిచి పంపు పక్కన వేసి, మెట్లవైపు చూస్తున్నాడు. మర్నాడూ అంతే, ఆ వారమంతా అంతే. తరువాత ఒకరోజు స్టూలు మీద నూనెడబ్బా కనిపించింది. ఎప్పుడైనా ఎదురుపడితే ఆయన "బాగుండారా సార్" అనేవాడు. తంబీ అన్న పిలుపు మళ్ళీ ఆయన నోట వినలేదు.

ఇప్పటి మోటర్లు నిజంగానే నీళ్ళలో మునిగి పనిచేస్తాయి. నా తప్పు కాగితమే కాలాన్ని ముందే పసిగట్టిందేమో! ఆ షెడ్డు ఉన్నచోట బట్టల షాపు వచ్చింది. ఫిట్టరన్న ఏమయ్యాడో నాకు తెలియదు. ఈ మధ్య కంచం ముందు కూర్చునేటప్పుడు పక్క కుర్చీ కూడా తుడుస్తున్నాను. మా ఇంటికి లిఫ్టు ఉంది, వచ్చేవాళ్ళే లేరు. ఆ రోజున షెడ్డుకు నేను దిగాల్సింది పదమూడే మెట్లు.