తూర్పు కడ్డీ, పడమటి కడ్డీ

పోయిన నెల నా డైరీలో ఒకచోట ఇలా ఉంది: "కుంట కట్ట కింద కొత్తగా పచ్చగడ్డి మొలిచింది. ఇంత ఎండలో దానికి నీళ్లు ఎవరు పోస్తున్నారో!" రాశాక రెండుసార్లు చదువుకున్నాను. బాగుందనిపించింది. మూసి దిండు కింద పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. మామూలుగా నేను ఏదీ ఎవరికీ చెప్పను.

ఆ గడ్డికి నీళ్లు పోస్తున్నది మా కుంటే. కట్ట లోపల్నుంచి సన్నగా ఊరుతోంది. నెల తర్వాత ఒక మధ్యాహ్నం, గడ్డి ఉన్నచోట మట్టి జారి, అరచెయ్యంత వెడల్పున బురదనీళ్లు రావడం మొదలయ్యాక గానీ ఆ సంగతి నాకు అర్థం కాలేదు.

మాది పుంగనూరికి దగ్గర్లో చిన్న పల్లె. కుప్పంలో డిగ్రీ ముగించి, ఉద్యోగం పిలుపు కోసం చూస్తూ ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాను. కట్టకు పడమటి పక్క, దిగువన, ఒక అవ్వ టమాటా తోట ఉంది. చుట్టం కాదు. ఊళ్లో అందరికీ అవ్వే. ఒక్కతే కట్టెలు నాటి, పురికొస కట్టి, మొక్క మొక్కనూ లేపి నిలబెట్టింది. కాయ ఎరుపు తిరుగుతోంది. ఇంకో నాలుగు రోజుల్లో కోత. ముందువారం వానకు మా కుంట ముప్పాతిక నిండింది. ఆ రోజు ఆకాశం మళ్లీ నల్లబడుతోంది. రాత్రికి ఇంకో వాన పడితే కట్ట తెగుతుంది. తెగితే నీళ్లు నేరుగా అవ్వ తోటలోకే పోతాయి.

మోటరు పెట్టి నీళ్లు తోడేద్దామంటే పొద్దున్నుంచి కరెంటు లేదు. ఊట మీద మట్టి పోయించి కట్టను నిలబెడదామని పుంగనూరులో జేసీబీలున్న వాళ్లందరికీ ఫోన్ చేశాం. ఒక్కటీ ఖాళీగా లేదు. మా డోజర్‌ను అప్పుడప్పుడు నడిపే ఆయన కుప్పం పక్క రోడ్డు పనికి పోయాడు, ఎల్లుండి గానీ రాడు. డోజర్ నడిపే ఇంకొక మనిషి మా నాయన. ఆయన కాలికి మోకాలిదాకా పిండికట్టు. స్కూటరు మీద నుంచి పడి మూడు వారాలైంది.

డోజర్ అంటే పాతది. నాకంటే పెద్దది. మదనపల్లెలో ఒక కాంట్రాక్టరు మూలన పడేస్తే నాయన తెచ్చి బాగుచేయించాడు. చైన్ల మీద నడుస్తుంది, ముందు పెద్ద బ్లేడు. చేలు చదును చేయడానికి, కట్టలు వేయడానికి తప్ప అది షెడ్డు దాటదు.

నాయన గోడ పట్టుకుని లేచి, "నన్ను ఎత్తి దాని మీద కూర్చోబెడితే చాలు," అన్నాడు.

"కాలు మళ్లా యిరిగితే అమ్మ నన్ను సంపుతాది," అన్నాను. అమ్మ మదనపల్లెలో ఆస్పత్రి డ్యూటీకి పోయింది. ఆ వెంటనే నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. "నేను ఎక్కతా."

నాయన నన్ను కొత్తగా చూసినట్టు చూశాడు. "నీకు స్కూటీనే భయం కదా పాపా?"

నిజమే. కానీ గడ్డి సంగతి ఆయనకు తెలియదు.

షెడ్డు కట్టకు దక్షిణం కొసన ఉంది. నాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కింద నుంచి చెబుతుంటే నేను సీటు మీద కూర్చుని డైరీలో రాసుకున్నాను. ముందు ట్యాంకు కింద డీజిల్ కుళాయి తిప్పాలి. తర్వాత ఇంజన్ పక్కన చేతిపంపు కొట్టాలి, డీజిల్లో బుడగలు ఆగేదాకా. నేను కొట్టాను, బుడగలు ఆగలేదు. నాయన మదనపల్లె మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"గాలి పట్టింది బేటీ. కొట్టు, కొడతా ఉండు. దానికి కోపం జాస్తి, నీకు ఓపిక జాస్తి ఉండాల," అన్నాడు భాయ్.

కొట్టాను. భుజం నొప్పి పుట్టాక బుడగలు ఆగాయి. తర్వాత చిన్న పిడి లాగి పట్టుకుని తాళం తిప్పాలి, ఇంజన్ తిరగడం మొదలయ్యాక పిడి వదలాలి. ముందే వదిలితే ఆగిపోతుంది, ఆలస్యమైతే బ్యాటరీ అయిపోతుంది. ముందు అంటే ఎప్పుడు, ఆలస్యం అంటే ఎంత అని అడిగితే నాయన "తెలుస్తాది" అన్నాడు. నాకు తెలియలేదు. మూడోసారి నా ప్రమేయం లేకుండానే అది స్టార్టయింది. నల్లటి పొగ షెడ్డు రేకులకు తగిలి నా మీదికే దిగింది. నా పళ్లు కూడా అదురుతున్నాయి.

పెడల్ ఒకటి ఉంది. తొక్కితే వేగం పెరగదు, తగ్గుతుంది. వదిలితే పెరుగుతుంది. ఇది రాసుకుని కింద రెండు గీతలు గీశాను. భయమేస్తే మనిషి కాలు లేపుతాడు కదా, అప్పుడు బండి ఇంకా గట్టిగా పోతుంది కదా అని ఆలోచించి, ఆ ఆలోచనను పక్కన పెట్టాను. బండి కదలాలంటే పెద్ద కడ్డీ ముందుకు నెట్టాలి, ఆగాలంటే వెనక్కి లాగాలి. వెనక్కి పోవడానికి గేరు కడ్డీ, బ్లేడుకు ఇంకో కడ్డీ. ఇక తిప్పడానికి రెండు కడ్డీలు, చెరో చేతి పక్క ఒకటి.

"తూర్పు కడ్డీ లాగితే తూర్పుకి తిరుగుతాది. పడమటిది లాగితే పడమటికి. అంతే," అన్నాడు నాయన.

మా ఇంట్లో కుడి, ఎడమ అనే మాటలు వినపడవు. అన్నానికి కూర్చున్నా "కంచం ఉత్తరానికి జరుపు" అంటారు. "నీ దక్షిణం చెవి కమ్మ వదులైంది" అని అమ్మ అంటుంది. అందుకని నాకు వింతగా అనిపించలేదు. షెడ్డులో బండి ముక్కు ఉత్తరానికి ఉంది. తూర్పు కడ్డీ అంటే నా కుడిచేతి పక్కది. "కుడి = తూర్పు, ఎడమ = పడమర" అని రాసుకున్నాను. బండి తిరిగితే ఎట్లా అని ఒక అనుమానం వచ్చింది. అప్పటికే చాలా అడిగానని, మళ్లీ అడగలేదు.

బయటికి తీశాను. తీశాను అనడం గొప్ప, అదే వచ్చింది. కట్ట తూర్పు పక్క, అవ్వ తోట పడమటి పక్క, మధ్యలో రెండు బండ్లు పట్టేంత దారి. నాయన కుర్చీని షెడ్డు ముందుకి జరుపుకుని, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంజన్ మోతలో మాట వినపడదు, తువ్వాలే మాట. వెనక నుంచి తూర్పుకి ఊపాడు. తిరిగి చూసి తూర్పు కడ్డీ లాగాను. బండి కట్ట దగ్గరికి జరిగింది. ఎంత సులువు అనుకున్నాను. కుంట తవ్వినప్పటి మట్టిగుట్ట ఉత్తరం కొసన ఉంది. దాని వెనక ఖాళీ బయలులో ఎలాగో చుట్టు తిప్పుకుని, మట్టి నెట్టుకుంటూ దక్షిణానికి వచ్చాను. మొదటి విడత నేరుగా వచ్చింది. ఊటమీద మట్టి పడింది.

రెండో విడతలో ముక్కు కొంచెం తోట పక్కకు మళ్లింది. ఎదురుగా నాయన తువ్వాలు తూర్పుకి ఊపుతున్నాడు. కట్ట పక్కకు రా అంటున్నాడు. నేను తూర్పు కడ్డీ లాగాను. బండి ఇంకా తోటకేసి తిరిగింది. చాలలేదేమో అని గట్టిగా లాగాను. నాయన కుర్చీలోంచి లేచి ఒంటికాలి మీద నిలబడి రెండు చేతులా తువ్వాలు ఊపుతున్నాడు, తూర్పుకి, తూర్పుకి. నేను ఆ కడ్డీనే ఇంకా లాగుతున్నాను. కట్టెలు విరిగిన చప్పుడు ఇంజన్ మోతలో కూడా వినపడింది. పెడల్ మీంచి నా కాలు లేచిపోయింది. వేగం పెరిగింది. పెద్ద కడ్డీ ఎప్పుడు లాగానో తెలియదు, ఆగేసరికి ఒక చైను పూర్తిగా టమాటా సాళ్లలో ఉంది.

అవ్వ ఆ వానమబ్బు కిందే దోర కాయలు ఆదరాబాదరాగా కోసి బాక్సుల్లో పోసుకుంటోంది. చేతిలో కాయలు అలాగే పట్టుకుని వచ్చింది. పెడల్ తొక్కి మోత తగ్గించాను.

"ఏం మే! నీళ్లకంటే ముందు నువ్వే వచ్చేసినావే!"

"తూర్పుకి రమ్మన్నాడవ్వా. తూర్పు కడ్డీనే లాగినా."

"తూర్పు ఆడుండాది. నువ్వు ఈడికి వస్తాండావు."

డైరీ తెరిచి చూపించాను. చూపించాక ఆమెకు చదువు రాదని గుర్తొచ్చింది. అయినా నేనే చదివాను: కుడి తూర్పు. చదువుతుంటే నా కుడిచేతికి అవతల ఉన్నది టమాటా తోట, తోట పడమర. పుస్తకంలో ఉన్నది నిజమే, ఎదురుగా ఉన్నదీ నిజమే. రెండూ కలవడం లేదు. నాకు ఏడుపొచ్చింది.

దూరం నుంచి నాయన అరుస్తున్నాడు. "తూర్పు కడ్డీ పాపా! తూర్పుది!"

"నువ్వు నోరు మూసుకోప్పా!" అని అవ్వ అటు అరిచింది. తర్వాత నాతో, "ఆ పుస్తకం మూసి లోపల పెట్టు. దాన్ని అట్లే వెనక్కి తియ్యి. నేను ముందర నడస్తా. నేను యాడుంటే ఆడికి దీని ముక్కు తిప్పు. ముక్కు నా పక్కకు రాలేదనుకో, ఇంకో కడ్డీ లాగు. దిక్కులు నీకెందుకు?"

"నీ మీదికి వస్తే?"

"ముప్పై అడుగులు దూరంలో పోతా. కురబలకోటలో మా పుట్టింట్లో రెండు మందలు మేపినా. గొర్రెకు తూర్పు తెలుసా, పడమర తెలుసా? ముందర పొయ్యేదాన్ని సూసి వస్తాది."

విరిగిన కట్టె ఒకటి చేత పట్టుకుని, కట్ట మొదలు వెంబడి నడవడం మొదలుపెట్టింది. నేను ఆమె పసుపు చీర కొంగు చూసుకుంటూ, ఏ కడ్డీ ఏదో చూడకుండా, ఒకటి లాగి చూసి, కాకపోతే ఇంకొకటి లాగాను. బండి తాగినవాడిలా అటూ ఇటూ ఊగింది గానీ తోటలోకి పోలేదు. ఎన్ని విడతలు తెచ్చానో లెక్కపెట్టలేదు. ఒకసారి బ్లేడు మరీ దించి ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ పిడి, తాళం. "తెలుస్తాది" అన్న ఆ క్షణం అప్పుడూ తెలియలేదు, అది మాత్రం స్టార్టయింది. ఊట కనపడకుండా పోయాక, పోసిన మట్టి మీదే చైన్లు నడిపించి తొక్కించాను. అవ్వ కట్టెతో పొడిచి చూసి, "ఇంకొకసారి" అనేది. తొలి చినుకులు పడేసరికి ఆమె చేయి పైకెత్తింది. ఆగమనా, చాలనా తెలియక ఇంకో పది అడుగులు వచ్చి ఆగాను.

రాత్రంతా వాన. పొద్దున్నే పోయి చూస్తే కుంట నిండుగా ఉంది. కొత్త మట్టి మీద చీలికలున్నాయి గానీ కింద ఊట లేదు. తోట నిలబడి ఉంది, నేను తొక్కిన రెండు సాళ్లు తప్ప. అవ్వ అప్పటికే వంగి కోస్తోంది.

"ఆ రెండు సాళ్లు నాలుగు నాళ్లు ఆగి తొక్కింటే ఏం పొయ్యేది నీకు?" అంది. నవ్వలేదు. "రా, కొయ్యి. ఈ రోజు నువ్వు నాకు కూలి."

గంప పట్టుకుని ఆమె పక్క సాలులో కూర్చున్నాను. చాలాసేపు కోశాక చెప్పాను.

"అవ్వా, కట్ట కింద తడి నేను నెల కిందటే చూసినా."

"సూసి?"

"రాసుకున్నా."

"యాడ?"

"పుస్తకంలో."

అవ్వ చెయ్యి ఆగింది. నన్ను చూసింది, కట్టను చూసింది, పడిపోయిన సాళ్లను చూసింది. తిడుతుందనుకున్నాను. "ఆ పుస్తకం ఏమన్నా మన్ను మోసి పోస్తాదా మే?" అంది. "ఈసారి ఏమన్నా కనపడితే ముందు నాకు చెప్పు, ఆమీన దానికి చెప్పుకో." మళ్లీ కోయడం మొదలుపెట్టింది.

షెడ్డు దగ్గర కుర్చీలోంచి నాయన కేకేశాడు. "పాపా, నిండిన బాక్సులు పడమటి గట్టు మీద పెట్టు, ఆటో ఆడికే వస్తాది!"

బాక్సు ఎత్తుకుని లేచాను. పడమర ఎటో ఎదురుగానే కనపడుతోంది. అయినా ఒకసారి వెనక్కి తిరిగి డోజర్ ముక్కు ఎటుందో చూసి, అక్కడే నిలబడిపోయాను.

"నా వెనక రా," అంది అవ్వ.