తొమ్మిదో ఆజ్ఞ దగ్గర ఆగిన పిల్ల

చంపాపేట్‌లోని రేకుల చర్చిలో బాప్తిస్మం క్లాసుకు ఎలీశమ్మ పెట్టింది పేరు. వారమంతా ఎల్‌బీ నగర్‌లో ఒక దవాఖానలో ఆయాగా చేస్తుంది. ఆదివారం ఆరాధన ముగియగానే, బాప్తిస్మం కోరినవాళ్లను చాప మీద కూర్చోబెట్టి పది ఆజ్ఞలు అప్పజెప్పించుకుంటుంది. ఒక్కదాంట్లో తడబడినా పేరు పాస్టరుగారి దాకా పోదు, మళ్లీ ఏడాది రావాల్సిందే. ఈ విషయంలో ఆమెకు తన పర భేదం లేదు. కన్నకొడుకు శాంసన్‌నే రెండేళ్లు బాప్తిస్మపు నీళ్లలోకి దిగనివ్వలేదు. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస.

ఈ ఏడు ఈస్టరుకు ముందు జాస్మిన్ వంతు వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేసే పిల్ల. రెండేళ్లు తప్పి మూడో ఏడు వచ్చింది. బాప్తిస్మం మీద ఎంత ఆశంటే, బస్సులో కూడా ఆజ్ఞలే వల్లెవేసుకునేది. మొదటి ఎనిమిదీ గడగడా చెప్పింది. అబద్ధ సాక్ష్యం గురించిన తొమ్మిదో ఆజ్ఞ దగ్గర ఆగిపోయింది. మరిచిపోయిందేమోనని ఎలీశమ్మ మొదటి మాట అందించింది. జాస్మిన్ తల అడ్డంగా ఊపింది.

"యాదికుంది పెద్దమ్మా. నోటికి ఒస్తలేదు. నా పేరు కొట్టెయ్యి."

ధైర్యం కూడదీసుకుని సంగతి చెప్పింది. నెల కిందట దుకాణంలో ఖరీదైన చీర మేకుకు తగిలి చిరిగింది. చింపింది తానే. సూపర్‌వైజర్ అడిగితే పక్కనున్న తన్మయిని చూపించింది. ఆ రోజే తన్మయి ఉద్యోగం పోయింది.

ఎలీశమ్మకు కోపం రాలేదు, సిగ్గేసింది. పది ఆజ్ఞలూ ఆగకుండా అప్పజెప్పి వెళ్లినవాళ్లు వందకు పైనే. ఒక్కరూ ఏ ఆజ్ఞ దగ్గరా తల దించుకోలేదు. నిజం చెప్పాలంటే తానూ దించుకోలేదు. మనిషికి తన తప్పు చూపించి, క్షమాపణ కోసం క్రీస్తు దగ్గరికి పంపాల్సిన ఆ ఆజ్ఞల ధర్మశాస్త్రాన్ని తాను పరీక్ష పేపరు చేసి పెట్టింది. అరవై దాటాక ఇలాంటిది ఒప్పుకోవడం తేలికేం కాదు. ఎలీశమ్మ ఆ చాప మీదే, అందరి ముందూ ఒప్పుకుంది.

"గీ ఆజ్ఞ నిన్ను పట్టుకున్నది బిడ్డా. మమ్ముల ఎన్నడు పట్టుకోలె."

మర్నాడు సెలవు పెట్టి, జాస్మిన్‌ను వెంటబెట్టుకుని తన్మయి ఇంటికీ, అటునుంచి దుకాణానికీ వెళ్లింది. మాట్లాడింది మాత్రం జాస్మినే. తన్మయి గడప దగ్గరే నిలబెట్టి చెడామడా తిట్టింది, ఈ పిల్ల ఆ మాటలన్నీ పడింది. దుకాణంవాళ్లు తన్మయిని మళ్లీ రమ్మన్నారు, జాస్మిన్‌ను పొమ్మన్నారు. దారి పొడుగునా ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది. ఎలీశమ్మ ఊరడించలేదు, పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ మనిషికి దండం పెట్టాలనిపిస్తుంది.

బాప్తిస్మం రోజు నీళ్ల తొట్టి దగ్గర పాస్టరుగారు జాబితా చూసి, ఈ అమ్మాయి పదీ అప్పజెప్పిందా అని అడిగారు.

"లేదయ్యగారు," అంది ఎలీశమ్మ. "తొమ్మిదోదాని కాడ ఆగింది. గందుకే తీస్కొచ్చిన."