అక్షిత ఎంచుకున్న పేపర్లు

అక్షిత ఎడమ కనుబొమ్మ మీద ఆరు కుట్లతో మా స్టడీ సెంటరుకు వచ్చింది. 2024 జూన్‌లో ఒక ఆదివారం. జగిత్యాలలో దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్లకు నేను పద్నాలుగేళ్లుగా పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెప్తున్నాను. మూడో సంవత్సరంలో ఏ పేపర్లు తీసుకోవాలో, ప్రాజెక్టు దేని మీద రాయాలో ఆ రోజే తేల్చుకోవాలి. సులువుగా మార్కులు పడే పేపర్లేవో అడిగి, టిక్కులు పెట్టి, మిగతా పిల్లలంతా వెళ్లిపోయారు. ఈ అమ్మాయి మాత్రం చివరి బెంచీలో కూర్చునే ఉంది. కుట్ల చుట్టూ వాపు ఇంకా దిగలేదు. ఆ కన్ను సగమే తెరుచుకుంటోంది.

"వీరేందర్ సార్, ఏ ఆఫీసుకు ఎంత పవరుంటదో చెప్పే పేపర్ ఏది?" అని అడిగింది.

"ఏమైందమ్మా మొఖానికి?"

"ముందుగాల పేపర్ చెప్పుండ్రి సార్. తర్వాత గది చెప్త."

అక్షితది మేడిపల్లి దాటాక వాగు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. తండ్రి భూమన్న తాళ్లెక్కేవాడు, అంటే తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. తల్లి మొగిలవ్వ కల్లు అమ్మే మండువలో కూర్చుని కల్లు పోసేది, ఖాళీ దొరికితే బీడీలు చుట్టేది. ఇంటర్ అయ్యాక అక్షిత కోరుట్ల బస్టాండు దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటరులో పనికి కుదిరింది. కులం సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్పులు, డిగ్రీ సీట్లకు పెట్టే ఆప్షన్లు, అన్నీ తనే నింపేది. ఎవరికి ఏ కాలేజీలో ఏ గ్రూపు దొరుకుతుందో నోటికి చెప్పేది. తను మాత్రం కాలేజీకి వెళ్లలేదు. ఆదివారం క్లాసులుండే దూరవిద్యలో చేరింది. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎందుకు తీసుకున్నావని మొదటి సంవత్సరంలో అడిగితే, "నేను నింపే ఫారాలు ఎవలి టేబుల్ మీదికి పోతయో, ఆడ ఎందుకు ఆగుతయో తెల్సుకుందామని సార్" అంది.

మా వైపు చాలా ఊళ్లలో పంచాయతీ కాక గ్రామాభివృద్ధి కమిటీ అని ఒకటి ఉంటుంది. ఏ చట్టంలోనూ దాని పేరు కనబడదు. ఊరు మాత్రం దాని మాటే వింటుంది. సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన నడుస్తున్న రోజులవి. వాళ్ల ఊళ్లో కమిటీకి అడ్డే లేదు. వాగులోంచి ఇసుక ట్రాక్టర్లు రావడానికి తాటివనం మధ్యలోంచి బాట తియ్యాలని కమిటీ పెద్ద దేవేందర్ నిర్ణయించాడు. ఆ చెట్లు గీతకు ఇచ్చినవి, కొట్టడానికి వీల్లేదు అని భూమన్న ఎక్సైజ్ ఆఫీసులో కాగితం ఇచ్చి వచ్చాడు. మర్నాడే ఊళ్లో చాటింపు వేశారు. భూమన్న కల్లు ఎవరూ తాగొద్దు, ఆ ఇంటి వాళ్లతో ఎవరూ మాట్లాడొద్దు. కిరాణా కొట్లో మొగిలవ్వకు ఉప్పు ప్యాకెట్ కూడా ఇవ్వలేదు. పిండి గిర్నీ వాడు బియ్యం సంచిని బయటే దించేశాడు.

మే నెలాఖరులో ఒక పొద్దున వనంలోకి జేసీబీ వచ్చింది. భూమన్న అప్పుడు చెట్టు మీద ఉన్నాడు, అక్షిత కింద ఉంది. మనిషి పైనుండగానే పక్క చెట్టును కూలదోశారు. అది ఆయనెక్కిన చెట్టును రాసుకుంటూ పడింది. నడుముకు కట్టుకున్న మోకు తెగలేదు కాబట్టి బతికాడు. గబగబా దిగి బండికి అడ్డంగా నిలబడ్డాడు. వెనక వచ్చిన ట్రాక్టర్లోంచి ఏడుగురు దిగారు. ముందున్నవాడు సతీశ్, దేవేందర్‌కు అన్న కొడుకు, పదో తరగతి దాకా అక్షితతో చదివినవాడు.

"సార్, కట్టెలతోని కొట్టిండ్రు. బాపు కిందపడ్డంక కూడ ఆపలే. మోకాలు చిప్ప మీద గడ్డపార ఎనుక దిక్కుతోని కొట్టిండ్రు. గా సప్పుడు నాకు ఇనవడ్డది. తాటిమట్ట ఇరిగినట్టు." అక్షిత ఇది ఏడవకుండా చెప్పింది. "ఇగ ఎక్కడెక్కుతవురా తాళ్లు అన్నడు సతీశ్. కుడి చెయ్యి మణికట్టు మీద కాలు వెట్టి తొక్కిండు. నేను బాపు మీద అడ్డం వడ్డ. గప్పుడు వడ్డది నాకు గీ దెబ్బ."

కల్లు లొట్లన్నీ పగలగొట్టారట. నెత్తురూ కల్లూ కలిసిన మట్టిలో తండ్రిని పట్టుకుని అరగంట కూర్చుందట. ఊళ్లో ఒక్క ఆటో రాలేదు. చివరికి కోరుట్ల నుంచి ఆమె పనిచేసే సెంటరు యజమాని తన కారు తెచ్చాడు.

ఆ తర్వాత వారం రోజులు ఆమె ఆఫీసులు తిరిగింది. స్టేషన్లో ఇది ఊరి పంచాయితీ, మీరే మాట్లాడుకోండి అన్నారు. పంచాయతీ కార్యదర్శి చెట్ల సంగతి ఎక్సైజ్ వాళ్లదన్నాడు. వాళ్లేమో భూమి తహసీల్దారుదన్నారు. తహసీల్దారు ఆఫీసులో గుమస్తా, దెబ్బల కేసు కదా స్టేషన్‌కే పొమ్మన్నాడు.

నేను పేపర్ల జాబితా ఆమె ముందు పెట్టాను. మానవ వనరుల నిర్వహణ తీసుకుంటే పాసవడం తేలిక అని అలవాటుగా అన్నాను. ఆమె వేలితో చూపిస్తూ రెండే ఎంచుకుంది. ఒకటి గ్రామీణ స్థానిక పాలన. రెండోది పరిపాలనా చట్టం. రెండోదానికి తెలుగులో పుస్తకం లేదు, ఎవరూ తీసుకోరు అని చెప్పాను.

"ఇంగ్లీషులుంటే ఫోన్ల వెట్టుకొని ఒక్కొక్క మాట చూసుకుంట. అండ్ల ఏముందో నాక్కావాలె."

ప్రాజెక్టు అంశం నేనే చెప్పాను. ఆ మాట ఇప్పుడు దాచను. "మీ ఊరి కమిటీ మీదే రాయి. చట్టంలో లేని సంస్థ ఊరిని ఎట్లా పాలిస్తోంది అని" అన్నాను. మంచి అంశం దొరికిందని నాకు ఉత్సాహం వచ్చింది. కుట్లున్న ఆ ముఖం ఎదురుగా ఉండగానే ఆ ఉత్సాహం వచ్చింది. అనుమతి పత్రం మీద సంతకం చేశాను.

రెండు వారాల తర్వాత ఆమె తన చదువు ప్రణాళిక తెచ్చి చూపించింది. పొడుగాటి జిరాక్సు కాగితం మీద యూనిట్ల వారీగా రాసుకుంది. ప్రతి యూనిట్ పక్కన అది చదివాక చెయ్యాల్సిన పని ఉంది. సమాచార హక్కు యూనిట్ పక్కన చెట్ల నరికివేత అనుమతి నకలు అడగడం. అధికారాల అప్పగింత యూనిట్ పక్కన ఎక్సైజ్ పై అధికారికి అప్పీలు. గ్రామసభ యూనిట్ పక్కన ఆగస్టు పదిహేను అని తేదీ; సభకు వెళ్లి అక్కడ జరిగింది రాసుకో అని నేనే అన్నాను. సిలబస్‌ను అట్లా చదివిన మనిషిని నేను చూడలేదు. సెప్టెంబరుకు మొదటి డ్రాఫ్టు, నవంబరుకు పూర్తి ప్రాజెక్టు అని ఇద్దరం గడువులు పెట్టుకున్నాం.

ఆగస్టు పదిహేనున ఊళ్లో జెండా ఎగరేశాక గ్రామసభ పెట్టారు. అక్షిత నోట్‌బుక్కుతో వెళ్లి ముందు వరుసలో కూర్చుంది. పక్కన మొగిలవ్వ. భర్త మోకాలు విరిగిన రోజు నుంచి మొగిలవ్వ ఆయన గీత కత్తిని నడుముకు కట్టుకుని, పైన కొంగు కప్పుకుని తిరుగుతోంది. ఆ సంగతి బిడ్డకు తెలుసు. నాకు ఆమె చెప్పలేదు.

అక్షిత లేచి కార్యదర్శిని అడిగింది. "సార్, తాటివనం కొట్టుమని మన తీర్మానాల పుస్తకంల ఏ తారీఖున రాసిండ్రు? చదువుండ్రి, నేను రాసుకుంట."

కార్యదర్శి పుస్తకం తెరిచాడు, మూశాడు. అట్లాంటి తీర్మానం లేదని మెల్లగా చెప్పాడు. ఆమె ఆ మాట రాసుకుంటోంది. సతీశ్ వెనక నుంచి వచ్చి జడ పట్టి ఒక్క గుంజు గుంజాడు. కుర్చీతో సహా వెల్లకిలా పడింది. నోట్‌బుక్కు లాక్కుని చింపాడు. చింపిన కాగితాలు ఆమె నోట్లో కుక్కుతూ, "రాస్తవానే? రాయి, ఇంకింత రాయి" అన్నాడు. నూటయాభై మంది ఉన్నారక్కడ. ఎవరూ కదల్లేదు. దేవేందర్ కుర్చీలోంచి లేవలేదు. మొగిలవ్వ అడ్డం వస్తే సతీశ్ ఆమె పొట్టలో తన్నాడు. ఆమె పడ్డాక రొమ్ముల మీద మోకాలు పెట్టి మెడ పట్టుకున్నాడు.

కత్తి మొగిలవ్వ నడుము నుంచి జారి మట్టిలో పడింది. అక్షిత చేతికి అందింది. సతీశ్ కుడి చెయ్యి మోచేతి కింద నుంచి మణికట్టు దాకా తెరుచుకుపోయింది. తాటి గెలను సన్నగా చెక్కే కత్తి అది, వెంట్రుకనైనా కోస్తుంది. అతను లేచి తన చేతిని తనే చూసుకుంటూ నిలబడ్డాడట, అరవడం కూడా మరిచిపోయి. ఆమె మళ్లీ కత్తెత్తింది. ఈసారి మెడ మీదికి. కింద పడి ఉన్న మొగిలవ్వ బిడ్డ కాలు రెండు చేతులా పట్టుకుని, "వద్దు బిడ్డా, వద్దు, నా మీద ఒట్టు" అని అరిచింది.

"అమ్మ పట్టకుంటే ఏసేదాన్నే సార్" అని తర్వాత నాతో చెప్పింది. "గప్పుడు నాకు భయం, బుగులు గాలే. మంచిగనిపించింది. గదే ఇప్పుడు బుగులైతున్నది."

హత్యాయత్నం కేసు పెట్టి ఆమెను రిమాండ్‌కు పంపారు. పందొమ్మిది రోజులు కరీంనగర్ జైల్లో ఉంది. భూమన్న మోకాలి కేసు కూడా అప్పుడే నమోదైంది, రెండున్నర నెలల తర్వాత.

స్టేషన్ నుంచి ఒకరు నా దగ్గరికి వచ్చి అడిగారు. "ఈ ప్రాజెక్టు మీరు ఇచ్చిందేనా? గొడవ చెయ్యడానికే సభకు పోయిందని అవతలి వాళ్లంటున్నరు."

"అంశం ఆ అమ్మాయే ఎంచుకుంది" అన్నాను.

అతను రాసుకుని వెళ్లిపోయాడు. నాకు ఇద్దరు పిల్లలు, కాంట్రాక్టు ఉద్యోగం, ఏటేటా రెన్యువల్. ఇవన్నీ ఆ రోజు నాకు సరిపోయే కారణాల్లా కనిపించాయి. ఐదు రోజులు తిన్నాను, పాఠాలు చెప్పాను. గ్రామసభ యూనిట్ వచ్చినప్పుడు పుస్తకం చూసి చదవడం తప్ప ఒక్క మాట సొంతంగా చెప్పలేకపోయాను. ఆరో రోజు అనుమతి పత్రం నకలు తీసుకుని స్టేషన్‌కు వెళ్లాను. అంశం ఇచ్చింది నేనే, సభకు వెళ్లమన్నదీ నేనే, మొదట అబద్ధం చెప్పాను అని రాసిచ్చాను. బెయిలు అడిగినప్పుడు అక్షిత వాళ్ల వకీలు ఆ కాగితాన్ని వాడాడు.

జైలు నుంచి వచ్చాక ఆమె ఊరికి పోలేదు. సిరిసిల్లలో మొగిలవ్వ చెల్లెలు దేవవ్వ ఇంట్లో ముగ్గురూ ఒక గదిలో సర్దుకున్నారు. వీధంతా మరమగ్గాల చప్పుడు. మొగిలవ్వకు మగ్గాలకు నూలు కండెలు చుట్టే పని దొరికింది. అక్షిత బట్టలు కుట్టే యూనిట్లో చేరింది. పుస్తకాలు ఊళ్లో ఇంట్లోనే ఉండిపోయాయి, ఆ ఇంటి తాళం ఎవరో పగలగొట్టారు. నేను కొత్త సెట్ పంపాను. గడువులు మళ్లీ రాసుకున్నాం. నవంబరు గడువును మార్చి నెలకు జరిపాం. ప్రాజెక్టు అంశం మార్చుకోవచ్చు, సిరిసిల్లలో మగ్గాల మీదో మరోదాని మీదో రాయి అన్నాను. ఒప్పుకోలేదు.

ఒకసారి ఫోన్ చేసింది. "సార్, నేను సతీశ్‌ను కోసిన సంగతి ప్రాజెక్టుల రాయాల్నా?"

"అక్కర్లేదమ్మా. కేసు నడుస్తోంది. రాస్తే నీకే నష్టం."

"వాళ్లు కొట్టింది మొత్తం రాసి, నేను కోసింది రాయకుంటే చదివేటోళ్లు నమ్మరు సార్. నేనైతే నమ్మ."

వకీలును అడిగి, అప్పటికే పోలీసు కాగితాల్లో ఉన్నంత వరకే రాసింది. ఒక పేజీ. పరిశీలనకు వెళ్లిన మనిషి ఆ సంఘటనలో నిందితురాలు కూడా అని మొదటి వాక్యం. ఆ ప్రాజెక్టుకు నూటికి యాభై ఎనిమిది మార్కులు వచ్చాయి. ప్రాజెక్టు దిద్దినాయన అంచున ఎర్ర సిరాతో "వ్యక్తిగతం" అని రాశాడు. పరిపాలనా చట్టంలో మాత్రం మా సెంటరులో ఆమెదే ఎక్కువ మార్కు. ఆ పేపరు రాసింది ఆమె ఒక్కతే అనుకోండి.

ఎక్సైజ్ పై అధికారికి పెట్టిన అప్పీలుతో బాట పని ఆగింది. అప్పటికే చెట్లలో సగానికి పైగా పోయాయి. నాలుగు నెలల తర్వాత వాగు అవతల నుంచి ఇంకో బాట వేసుకున్నారు. కమిటీ ఇప్పటికీ ఉంది.

కేసుల్లో రాజీకి వద్దామని భూమన్న పట్టుబట్టాడు. రాజీ పడేలా సెక్షన్లు తగ్గించే ప్రయత్నాలు రెండు వైపులా జరిగాయి. అక్షిత వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు. "నీ మోకాలుకు సంతకం వెడ్తవా బాపూ?" అని అడిగిందట. "నా మోకాలుకు కాదు బిడ్డా, నీ జైలుకు వెడ్తున్న" అన్నాడట ఆయన. జగిత్యాల కోర్టులో సంతకాల రోజు నేనూ వెళ్లాను. సతీశ్ కుడిచేతి మూడు వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. ఎడమ చేత్తో, చిన్నపిల్లాడిలా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాశాడు. అక్షిత ఆ చేతినే చూస్తూ నిలబడింది. బయటికొచ్చాక చెట్టు కింద కక్కుకుంది. మొగిలవ్వ వీపు రాస్తూ నీళ్లు తాగించింది.

పోయిన జూలైలో ఎమ్మేలో చేరడానికి వచ్చింది. భూమన్న కూడా వెంట వచ్చాడు, చంకలో కర్రతో. అక్కడి నుంచి కొండగట్టు గుడికి పోతారట. పేపర్ల జాబితా మీద మేమిద్దరం గంటసేపు కూర్చున్నాం. ఆమె పోలీసు పరిపాలన, పర్యావరణ విధానం తీసుకుంది. సాయంత్రం బట్టల పని ఉంటుంది కాబట్టి రోజుకు గంటన్నర కన్నా చదవలేనని, అందుకు తగ్గట్టే యూనిట్లు పంచమని అడిగింది. పంచి రాసిచ్చాను. ఈసారి ప్రాజెక్టు అంశం నేను చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా.

భూమన్న ఇదంతా గోడకు ఆనుకుని చూస్తున్నాడు. లేవబోతూ నన్నడిగాడు. "సారూ, గీ సదువు ఇంకెన్నేండ్లు?"

"రెండేండ్లు."

"గీసారి ఊరి మీద రాసేటిది ఏమన్న ఉన్నదా అండ్ల?"

నేను అక్షిత వైపు చూశాను. ఆమె కాగితాలు సంచిలో సర్దుకుంటోంది.

"తెల్వది బాపూ" అంది. "చూడాలె. నడువు, బస్సచ్చే యాళ్లయింది."

ఆయన కర్ర మీద బరువు వేసి ఒక్కో మెట్టూ దిగాడు. ఆమె ఒక మెట్టు ముందు దిగుతూ, పడితే పట్టుకునేలా ఆయన వైపే తిరిగి నడిచింది.