తిన్నని గీత

ఆఫీసులో అతన్ని అందరూ గీతలాయన అనేవారు. ఎవరూ కూర్చుని పెట్టిన పేరు కాదు, చేసే పనిని బట్టి అలా స్థిరపడిపోయింది. నేల కింద రైలు సొరంగం తవ్వుతున్నారు. పైన ఉన్న పాత ఇళ్ల గోడలకు చిన్న పెట్టెలు బిగించారు. గోడ వెంట్రుకవాసి ఒరిగినా పెట్టెలోని సెన్సర్‌కి తెలిసిపోతుంది. గంటకోసారి ఆ లెక్క ఒక ఫైలై, మనిషి చెయ్యి పడకుండా దానంతటదే ఆఫీసు కంప్యూటర్‌కి చేరుతుంది, అక్కడ తెరమీద గీతగా మారుతుంది. ఫైళ్లు వస్తున్నాయా, గీతలు సాగుతున్నాయా అని చూస్తూ కూర్చోవడమే అతని ఉద్యోగం.

ఆ ఇళ్లలో ఒకటి అతని అక్కది. ఆఫీసు నుంచి నడిచినా పావుగంట. ముందు గదిలో బావ కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. కింద తవ్వకం మొదలైనప్పుడు వీధివాళ్లంతా భయపడితే, అక్క మాత్రం తమ్ముడు కనిపెట్టుకుని ఉంటాడని నిశ్చింతగా ఉంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే, ఆ మాత్రం ధీమా ఉండదూ మరి.

ఫైలు రాకపోతే గీత తెగుతుంది. గీత తెగితే తెర ఎర్రబడుతుంది. ఎర్రబడిందా, ఇక కొంపలంటుకున్నట్టు పైవాళ్ల ఫోన్లు. తీరా చూస్తే చాలాసార్లు నెట్‌వర్క్ కాసేపు పోయి ఉంటుంది, అంతే. తిట్లు తిని తిని విసుగెత్తి, అతను కంప్యూటర్‌కి ఒక చిన్న కిటుకు నేర్పాడు. ఫైలు రాకపోతే ముందు గంట ఫైలునే కొత్త టైము వేసి లోపలికి పంపెయ్యాలి. ఎన్ని గంటలపాటు అలా పంపొచ్చో రాయలేదు. తర్వాత రాద్దాంలే అనుకున్నాడు. ఆ తర్వాత అనేది ఎవరి జీవితంలోనూ వచ్చిన పాపాన పోలేదు. ఫోన్లు ఆగిపోయాయి. మేనేజరు భుజం తట్టాడు. ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి, మనవాడు కాస్త మురిసిపోయాడు కూడా.

వానలకి అక్క ఇంటి గోడమీది పెట్టెలోకి నీళ్లు దిగాయి. ఫైళ్లు ఆగిపోయాయి. కిటుకు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. తెరమీద ఆ గోడ గీత తిన్నగా సాగింది. నిజానికి ఏ గోడ గీతా అంత తిన్నగా ఉండదు. ఎండకీ చలికీ అయినా కాస్త వణుకుతుంది. ఆ సంగతి అతనికి తెలియక కాదు. ఎరుపు కోసం వెతకడానికి అలవాటుపడిన కళ్లు దానిమీద ఆగలేదు.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, వంటింటి తలుపు పట్టేస్తోందిరా. ఇవాళ భుజం పెట్టి తోస్తే గాని రాలేదు. ఒకసారి వచ్చి చూసిపో."

అతను కుర్చీలోంచి లేవకుండానే తెర చూశాడు.

"గోడ ఇసుమంత కూడా కదల్లేదక్కా. వానకి చెక్క ఉబ్బి ఉంటుంది. కాస్త చిత్రిక పట్టించు."

అక్క వడ్రంగిని పిలిచి తలుపు అంచు చెక్కించింది. కొన్నాళ్లు వెళ్లి తన సొంత తమ్ముడింట్లో ఉందామని బావ అంటే, మా తమ్ముడు చూసి మరీ చెప్పాడు, ఎక్కడికీ వెళ్లక్కర్లేదు అని తేల్చేసింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, మిషను ముందు వంగి కూర్చున్న బావమీద గోడ కూలింది. ప్రాణం దక్కింది గాని, కుడి చెయ్యి దక్కలేదు.

వాన నీటికి పరికరం పాడైందని రాసి పైవాళ్లు చేతులు దులుపుకున్నారు. కిటుకు సంగతి ఎవరూ అడగలేదు. అతను దాన్ని గుట్టుగా చెరిపేశాడు. మందులు తెచ్చిపెట్టడానికి వెళ్లిన ప్రతిసారీ అక్క అతని మొహం చూసి, యంత్రం చెడిపోతే నువ్వేం చేస్తావురా అనేది. ఆ ఓదార్పు అతనికి తిట్టుకన్నా ఎక్కువ తగిలేది. నోటిదాకా వచ్చిన నిజం మళ్లీ లోపలికి పోయేది.

అక్కావాళ్లు అద్దె ఇంట్లో దిగిన రోజు అతను వెళ్లి ఒక్కో తలుపూ తీసి, వేసి, మళ్లీ తీసి చూశాడు. తలుపులు బేరం చేస్తున్నావేమిట్రా అని అక్క నవ్వింది. ఆ నవ్వుని అతను తట్టుకోలేకపోయాడు.

"అక్కా, నువ్వు ఫోన్ చేసేనాటికే పెట్టె చచ్చిపోయి చాలా రోజులైంది. ఆ గీత నా కిటుకే గీసింది. పైవాళ్లు నన్ను తిట్టకూడదని నేనే పెట్టాను."

అక్క అక్కడే కింద కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"ఆ గీతల సంగతి నాకేం తెలుసురా. తలుపు పట్టేస్తోందని చెప్పింది నేను. రమ్మన్నప్పుడు ఒక్కసారి వచ్చి ఉంటే సరిపోయేది కదా."

ముందు గదిలో బావ ఎడమచేత్తో ఏదో స్క్రూ బిగించబోతే అది జారి కిందపడింది. అక్క లేచి, దాన్ని తీసివ్వడానికి వెళ్లింది.