సుగుణ మేడమ్, చెరువు మన్ను

కొలిమిలో చెరువు మన్ను కాలుతుంటే ల్యాబంతా ఎండాకు పొగ వాసన. మన్నులో కుళ్లిన ఆకూ అలమూ ఎంతుందో తెలియాలంటే తూచి, కాల్చి, మళ్లీ తూచాలి. నిన్న ఆ వాసన తగలగానే సుగుణ మేడమ్ గుర్తొచ్చారు. మొయినాబాద్‌లో కిరాయి ఇంట్లో నడిచే మా చిన్న ల్యాబుకు ఆమె పెద్ద, నాకు పని నేర్పిన మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది, నవ్వు కూడా ఆ పక్కనే ఎక్కడో ఉండేది.

మొయినాబాద్ పక్క పల్లె హిమాయత్‌నగర్‌లో మేమంతా బాపు అని పిలిచే ముసలి రైతు యాదయ్య ఏటా ఎండాకాలం చెరువు అంచున నల్లమన్ను తవ్వి పాలకూర మడికి తోలుకునేవాడు. ఆ ఏడు చెరువులోకి మోరీ మురుగునీళ్లొస్తున్నాయని పుకారు పుట్టింది. మన్ను పరీక్ష చేయిస్తే తప్ప నీ కూర కొననన్నాడు పాలకూర కొనే సేటు. పాలకూర ఆగుతుందా? మడిలోనే ముదిరిపోతోంది. పాపం, బాపు మేమిచ్చిన సంచిలో మన్ను నింపి తెచ్చాడు. పరీక్షలో సీసం లేదు, ఇంకేదీ లేదు గానీ, జింకు మాత్రం ఆకాశాన్నంటింది. మేడమ్ ఫోన్ చేసి చెప్పారు. తెల్లారేసరికి బాపు మా ల్యాబు గుమ్మంలో ఉన్నాడు.

"మడి దున్నెయ్యాల్నా మేడమ్?" అన్నాడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని.

మేడమ్ కాగితం మళ్లీ చూశారు. "జింకొక్కటే గింత ఎందుకున్నది? సంచిల పొయ్యకముందు మన్ను దేంట్ల పెట్టినవ్ బాపూ?"

"కొత్త జింకు బకెట్ల. మీకిచ్చేది గదా, పాతదాంట్ల ఎట్ల పెడ్తం? నాలుగు పొద్దులు దాంట్లనే నానింది. అడుగుదాక గీకి సంచిల పోసిన."

మేడమ్ నెత్తి కొట్టుకొని పకపకా నవ్వారు. "ఓయమ్మో! జింకు బకెట్ల నానబెట్టి, జింకున్నదా అని అడిగితే ఉండదా?"

ఆ పూటే ప్లాస్టిక్ గరిటె పట్టుకొని, నన్ను వెంటేసుకొని చెరువుకు బయల్దేరారు. "అనుమానం ముందు గిన్నె మీద పడాలె, తర్వాతనే మన్ను మీద," అని దారంతా నన్నే కసిరారు. నేనేం చేశానో నాకర్థం కాలేదు! మేమే తవ్వి తెచ్చిన మన్నును పరీక్షిస్తే ఈసారి జింకు మామూలుగానే ఉంది. నలుపు మోరీది కాదు, కుళ్లిన ఆకుది. నా ప్రాణం లేచొచ్చింది. బాపుకు చెబుదామని ఫోన్ తీయబోతే మేడమ్ ఆపారు.

"ఫోన్లనే గదా భయపెట్టిన. భయపెట్టిన మనిషే పోయి చెప్పాలె."

షేర్ ఆటోలో వెళ్లాం. "మన్ను మంచిది బాపూ, బలమున్న మన్ను," అని మేడమ్ అనగానే ఆయన గట్టు మీద కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తర్వాత మా ఇద్దరికీ ఒడినిండా పాలకూర కోసిచ్చాడు.

మేడమ్ పోయాక ఆమె కుర్చీ నాకొచ్చింది. మొన్న చేవెళ్ల రైతొకాయనకు ఆయన మన్ను గురించి చెడు కబురు ఫోన్లో నేనే చెప్పాల్సొచ్చింది. నిన్న మన్ను మళ్లీ తెచ్చి పరీక్ష చేస్తే అంతా బాగుంది. రిపోర్టు టైపు కాకముందే బయల్దేరాను. సంగతి విని ఆయన కళ్లు తుడుచుకొని, "గింత దూరమెందుకొచ్చినవక్కా, ఫోన్ చేస్తే సరిపోతుండె గదా?" అన్నాడు.

"సరిపోదన్నా," అన్నాను.