ముక్కుకి గుడ్డ కట్టని వడ్రంగి

కలప అడితిలో మరిది గెలిచిన గొడవని వదిన ఇప్పటికీ నోరారా చెబుతుంది. ఆ రోజు యజమాని రసీదు ఊపుతూ, "అసలు సిసలు టేకు. కాగితం చూసుకో" అన్నాడు. మరిది ఉలితో దుంగ అంచు గీకి, ఆ పొట్టు నలిపి వాసన చూశాడు.

"కాగితం నువ్వు చూసుకో, కర్ర నేను చూస్తా. చిల్లర కర్రకి రంగు పూశావు."

రంపం పెట్టి కోస్తే లోపల పాలిపోయిన కర్ర. యజమాని రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాసన పట్టే తన ముక్కు అంటే మరిదికి అంత గర్వం. సిగరెట్టు ముట్టలేదు, మందు ముట్టలేదు. నలభై ఏళ్లు కోశాడు, చిత్రిక పట్టాడు. సాయంత్రానికి కొట్లో కిటికీ రెక్కల మీదా, టీ గ్లాసు మీదా, అతని కనురెప్పల మీదా ఒకటే పొడి. అయినా ముక్కుకి గుడ్డ కట్టలేదు. కడితే కర్ర వాసన తెలియదట! కట్టుకున్న పనివాణ్ణి "ఏం పెళ్లికూతురా" అని ఏడిపించేవాడు.

ఇప్పుడా కొట్టు కూతురు నడుపుతోంది. తండ్రి మాటంటే ఆమెకి శిలాశాసనం. నునుపు చేసే మిషను ముందు ఆమె కూడా ముక్కుకి ఏమీ కట్టదు.

ఆరు నెలలుగా మరిదికి కుడి ముక్కు పూడుకుపోయింది. జలుబన్నాడు. రుమాలు మీద నెత్తురు చూసి వదినే ఆసుపత్రికి లాక్కెళ్లింది.

"జలుబుకి నెత్తురొస్తుందటయ్యా? నాకు చదువు రాకపోవచ్చు, కళ్లున్నాయి."

డాక్టరమ్మ ముక్కు లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. క్యాన్సరే. ముదరలేదు, ఆపరేషను చేయొచ్చంది.

"దీనివల్లే వచ్చిందని గట్టిగా చెప్పలేం. కానీ ఏళ్ల తరబడి కర్రపొడి పీలిస్తే ఈ జబ్బు ముప్పు పెరుగుతుంది. కొట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"నా కూతురు" అన్నాడు మరిది.

ఇంటికెళ్లి కూతురికి జబ్బు సంగతి చెప్పి, ఇకనుంచి ముక్కుకి కట్టుకోమన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంది గానీ దారికి రాలేదు.

"ముందు నీ సంగతి చూసుకో నాన్నా. నేను కట్టుకుంటే పనివాళ్లు పెళ్లికూతురంటారు. ఆ మాట వాళ్లకి నేర్పింది నువ్వే."

ఆపరేషను ముందురోజు పొద్దున్నే మరిది వదిన గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో డాక్టరమ్మ చెప్పిన రకం మాస్కులు.

"వదినా, ఒకసారి కొట్టుకి రా. అందరి ముందూ నన్ను తిట్టాలి."

"చాల్లే సంబడం! తిట్టమంటే తిట్లొస్తాయా?"

"నీకు రాకపోతే ఇంకెవరికొస్తాయి? నీ బడాయికి పిల్ల ప్రాణం మీదికి తెస్తావా అని కడిగెయ్. ఒక్క మాట ఎదురు చెప్పను. తలొంచుకుని ముందు నేనే మాస్కు పెట్టుకుంటా. రెండోది దాని చేతిలో నువ్వు పెట్టు."