మొదలు లేని మిస్డ్ కాల్

సువార్త మా ఊరి పసుపు కల్లంలో గంపలు అందించే మనిషి. ముప్పై ఏళ్లుగా అదే పని. నిండు గంప చేతులు మారుతూ ముందుకు పోతుంది. ఖాళీ గంప చుట్టూ తిరిగి మొదటి మనిషి దగ్గరికి వస్తుంది. రాకపోతే మధ్యలో ఎవరో ఆగిపోయినట్టు. ఆమె చదివిన చదువు అదొక్కటే.

2006లో కూలీల చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక, ఆ గంపల వరసనే ఫోన్లలోకి మార్చింది. పన్నెండు మంది ఆడవాళ్లు. ఒక్కొక్కరు తన తర్వాతి మనిషికి ఒక్క రింగు ఇచ్చి పెట్టేయాలి. పైసా ఖర్చు లేదు. ఆఖరి మనిషి రింగు మొదలుపెట్టిన మనిషికే తిరిగి వస్తుంది. వచ్చిందంటే అందరికీ కబురు అందినట్టే.

కల్లం నడిపే మసాలా కంపెనీకి ఇది నచ్చలేదు. అక్కడ మాట పైనుంచి కిందికి దిగాలి: హైదరాబాద్‌లో పెద్దసారు, ఆయన కింద సూపర్‌వైజర్ మధుకర్, ఆ కింద కూలీలు. సొంతంగా మనుషుల్ని పోగేస్తే పని పోతుందని సువార్తను ఒకసారి హెచ్చరించారు కూడా. ఆమెకు భర్త లేడు. ఆ కూలితోనే ఇల్లు నడవాలి.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం, చర్చి వదిలేసరికి మాక్లూర్ దిక్కున మబ్బు పట్టింది. కాన్వెంటులో సిస్టర్లు నాకు చెప్పిన నోవహు జలప్రళయం కాలంలో కూడా అంత నల్లటి మబ్బు పట్టి ఉండదు. మిట్టమధ్యాహ్నం మా కోడి గూట్లోకి పోయి పడుకుంది. నమ్మకపోతే కోడినే అడగండి. కల్లం నిండా ఉడికించి ఆరబోసిన పసుపు. తడిస్తే రంగు పోతుంది, ఇక ఎవరూ కొనరు.

సువార్త పరుగెత్తింది. గేటుకు తాళం. లోపల మధుకర్, చెవికి ఫోను.

“సారూ, జర గేటు తియ్యిండ్రి. కుప్ప జేసి కప్పుతం.”

“ఆర్డర్ లేదక్కా. పెద్దసారు ఫోన్ ఎత్తుతలేడు.”

“గాయిన ఎత్తేదాంక వాన ఆగుతదా?”

“నా నౌకరి పోతదక్కా!”

“నాది పోదా?”

అంటూనే కొంగు చాటున ఫోను నొక్కింది. ఒక్క రింగు. ఉరిమింది. ఆమె మబ్బు వైపు చూడలేదు, ఫోను వైపే చూస్తూ నిలబడింది. నాలుగు నిమిషాలకు వరసలో ఆఖరి మనిషి లసుమవ్వ నంబరు వెలిగి ఆరింది.

కాసేపట్లో పన్నెండు మంది గేటు ముందు ఉన్నారు. మధుకర్ తాళం తీసి, ఫోను చెవికి పెట్టుకుని గోడవైపు తిరిగాడు. ఆఖరి టార్పాలిన్ అంచున రాయి పెడుతుండగా తొలి చినుకు పడింది.

మర్నాడు పెద్దసారు కారు దిగాడు. పొడిగా ఉన్న సరుకు చూసి సంతోషించలేదు, భయపడ్డాడు. ఇంత తొందరగా గేటు తీయించినవాళ్లు రేపు మూయించనూ గలరు.

“మీకు పంతొమ్మిది సార్లు చేసిన సార్,” అన్నాడు మధుకర్.

“ఆర్డర్ లేకుండా సరుకు ముట్టొద్దు. వీళ్లను పిలిచిందెవరు? పేరు చెప్పకపోతే అందర్నీ తీసేస్తాను. ఫోన్లు చూపించండి.”

మొదట సువార్త పక్కనే ఉన్న రత్నవ్వ ఫోను చూశాడు. అందులో సువార్త మిస్డ్ కాల్. కానీ సువార్త ఫోనులో లసుమవ్వది, లసుమవ్వ ఫోనులో గంగమణిది. అలా పన్నెండు ఫోన్లూ తిరిగి ఆయన మళ్లీ రత్నవ్వ దగ్గరికే వచ్చాడు. టైము చూద్దామంటే ఒక్కో ఫోనులో ఒక్కో టైము. లసుమవ్వ ఫోనులో ఇంకా 2004 నడుస్తోంది.

“మీ లీడర్ ఎవరు?” అని అరిచాడు.

సువార్త ముందుకు రాబోయింది. రత్నవ్వ ఆమె కాలు తొక్కింది.

“చేతి గాజుకు మొదలేడుంటది సారూ?” అంది రత్నవ్వ.

ఎండ చురుక్కుమంటోంది. కుప్పల్లోంచి ఆవిరి లేస్తోంది.

“సార్, ఇప్పుడే ఆరబోయకపోతే బూజు వడ్తది,” అన్నాడు మధుకర్ మెల్లగా.

పెద్దసారు ఆడవాళ్ల వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు.

“ఆర్డర్ లేంది ముట్టద్దంటిరి గద సారూ,” అంది లసుమవ్వ. “జర కాయితం మీద రాసియ్యిండ్రి.”

ఆయన రాసిచ్చాడు. అందులో ఎవరి పేరూ లేదు. గంపలు కదిలాయి.

సాయంత్రం వెళ్తూ పెద్దసారు ఆ ఫోన్ల వరసలో తన నంబరు మొదట పెట్టమన్నాడు.

“మొదలంటూ లేదు సారూ,” అంది సువార్త. “గంగమణికి, లసుమవ్వకు నడుమ జాగ ఉన్నది. మీకు రింగు రాంగనె లసుమవ్వకు ఇయ్యాలె. గంతే.”

తర్వాతి ఆదివారం సువార్త పరీక్షగా ఒక రింగు ఇచ్చింది. అది గంగమణి దాకా, ఆమె నుంచి పెద్దసారు దాకా పోయింది, తిరిగి రాలేదు. తన ఎదురింట్లో ఉండే లసుమవ్వ ఫోను మోగలేదని గ్రహించి, గంగమణి తానే ఆమెకు ఒక రింగు ఇచ్చింది. సువార్త ఫోను వెలిగింది.